ధాత కరువు – తదీయులు, అర్హులు

తెలుగు సంవత్సరాల పేర్లు ఒక్కొక్కసారి చరిత్రను వెక్కిరిస్తున్నట్లు ఉంటాయి. 'ధాత' అనగా ధరించువాడు, పోషించువాడు. ఆ పేరుగల సంవత్సరంలోనే, అంటే 1876-77లో, దక్షిణాపథం తిండిలేక మాడిపోయింది. మరుసటి 'ఈశ్వర'లోనూ కరువే. ఆ పైయేటి పేరు 'బహుధాన్య'. జనం మాత్రం పేరులోని వ్యంగ్యాన్ని పట్టించుకోలేదు. దానిని 'ధాత కరువు' అని పిలిచి ఊరుకున్నారు. అంతకు నలభై నాలుగేళ్ళ ముందు గుంటూరు సీమను పాడుపెట్టినదానికి 'నందన కరువు' అని పేరు. నందనమంటే ఆనందాన్ని ఇచ్చేది.

ఈ కరువుల సంగతి నాకు ఒక సంభాషణ వలన గుర్తుకు వచ్చింది. మా యాదగిరిగుట్టలో ఒకనాడు అన్నదాన సత్రం వరుసలో నిలబడి ఉండగా, నా ముందున్న యువకుడు, నా పూర్వవిద్యార్థే, ఒక ప్రశ్న వేశాడు. "సార్, వరద వచ్చినా కరువు వచ్చినా ముందుగాల వచ్చేది గుడోళ్ళు, మఠపోళ్ళు, చర్చోళ్ళు, మసీదోళ్ళే గదా. సర్కారు ఎనకొస్తది. వచ్చి కాయితం అడుగుతది. ఇగ సర్కారుతోని పనేముంది? ఆ పైసలేవో వీళ్ళకే ఇయ్యరాదా?"

అప్పుడు నేను ఏదో చెప్పి దాటవేశాను. వరుస కదలింది, విస్తరి ముందు కూర్చున్నాము. ప్రశ్న మాత్రం నాతో ఇంటికి వచ్చింది.

మొదట ఒక మాట. వైష్ణవ సంప్రదాయంలో అన్నం పెట్టడానికి 'తదీయారాధన' అని పేరు. తదీయులంటే 'అతనివారు', భగవంతునికి చెందినవారు. వారికి అన్నం పెడితే అతనికి పెట్టినట్లే. చాలా గొప్ప భావన. కాని ఆ మాటలోనే ఒక గీత కూడా ఉన్నది. తదీయులు ఎవరు? గీతకు ఇవతల ఎవరు, అవతల ఎవరు? ఇది వైష్ణవులకు మాత్రమే ఉన్న చిక్కు కాదు. ప్రతి మతసమాజానికీ తన తదీయులు ఉంటారు. కొన్ని సమాజాలు గీతను చాలా దూరంగా గీస్తాయి, కొన్ని వాకిట్లోనే గీస్తాయి. ప్రభుత్వానికి తదీయులు లేరు. దానికి ఉన్నది మరొక మాట – 'అర్హులు'. అర్హత కాగితం మీద ఉంటుంది. ఈ రెండు మాటలను చేతిలో పట్టుకొని ధాత కరువులోకి పోదాము.

1877 జనవరి ఒకటవ తేదీన లిట్టన్ ప్రభువు ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించాడు. అదే నెలలో మద్రాసు రాజధానిలో కరువు ఖర్చు మితిమీరుతున్నదని, దానిని అదుపు చేయడానికి సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. ఈ టెంపుల్ మూడేళ్ళ క్రితం బీహారు కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బ్రతికించినవాడే. అందుకు ఆయనకు దక్కినది దుబారా చేశాడన్న నింద. ఈసారి ఆ నింద పడదలచుకోలేదు. కరువు పనిలో రోజంతా మట్టి మోసిన పెద్దవానికి ఒక పౌను ధాన్యం వెల, దానిపైన ఉప్పూ పప్పుకు ఏదో చిల్లర – ఇది ఆయన తేల్చిన కూలి. పౌను అంటే మన లెక్కలో అరకిలోకు తక్కువ. మద్రాసు పారిశుద్ధ్య కమిషనరు డాక్టరు కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించాడు. జైలులో ఖైదీకి పెట్టేది ఇంతకంటె ఎక్కువని లెక్కలు చూపించాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం కూలిని కొంత పెంచింది. ఈ లోపల ఎందరు పోయారో! ఆ కరువు మొత్తం మీద యాభై లక్షలకు పైగా మరణించారని చరిత్రకారుల అంచనా.

కూలి కొలత ఒక్కటే కాదు, 'దూరపు పరీక్ష' అని ఒకటి పెట్టారు. పని కావలసినవాడు ఇల్లు విడిచి మైళ్ళ దూరంలోని శిబిరానికి వెళ్ళాలి. నిజంగా ఆకలిగా ఉన్నవాడైతేనే అంత దూరం నడుస్తాడని ఆ పరీక్ష వెనుక ఉన్న తర్కం. నిజంగా ఆకలిగా ఉన్నవాడు అంత దూరం నడవలేడు అన్న సంగతి తర్కానికి తట్టలేదు. నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పరీక్షలు పెట్టినవాడిని. పరీక్ష పెట్టేవాడి కళ్ళకు ఏమి కనబడదో నాకు కొంచెం తెలుసు.

ఈ కరువు పనులలో ఒకటి బకింగ్‌హాం కాలువ. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి పెట్టారు. సముద్రతీరం వెంబడి మద్రాసు వైపు నుండి కృష్ణా డెల్టా కాలువలతో కలిపే జలమార్గం అది. ఒంగోలు దగ్గర ఈ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకున్నవాడు ప్రభుత్వోద్యోగి కాదు, వర్తకుడూ కాదు. అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు ప్రాంతంవారు 'క్లౌ దొర' అంటారు. ఆయన 1866 నుండి ఒంగోలులో ఉంటున్నాడు. యౌవనంలో అమెరికాలో భూముల కొలతపని చేసినవాడు గనుక గొలుసు, మట్టం ఆయనకు కొత్తవి కావు.

ఆయన గుత్త తీసుకోవడానికి కారణం ఉన్నది. ఆయన సంఘంలోనివారు అధికభాగం మాదిగలు. ప్రభుత్వ కరువు పనులలో వారికి పని దొరకడం ఒక కష్టం, దొరికిన పని నిలుపుకోవడం మరొక కష్టం. పైన మేస్త్రీలు వేరే కులాలవారు. తిట్లు, తోపులు, కూలిలో కోత. కనుక తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టుకొని, తన శిబిరం తాను వేసుకొని, వేలమందికి పని చూపించాడు. పాకలు వేయించాడు, బావులు తవ్వించాడు. జబ్బుపడినవారిని చూడడానికి మనుషులను పెట్టాడు. క్రైస్తవులు కానివారు కూడా ఆ శిబిరానికి ఎగబడి వచ్చారు. అక్కడ కూలి మధ్యలో మాయం కాదని కబురు పల్లెలకు పాకింది. ఒక్క కూలి సరిగా చేతికందడం ఎంత పెద్ద వార్తో ఆ కాలపు మాలమాదిగ పల్లెల స్థితి తెలిసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

నా పూర్వవిద్యార్థి ప్రశ్నకు ఇది మంచి సమాధానంలాగానే కనిపిస్తుంది. సర్కారు పౌను ధాన్యం కొలుస్తూ ఉండగా సంఘం మనిషిని మనిషిగా చూసింది. అయితే ఇంకొక అడుగు వేస్తే సంగతి అంత సులువుగా లేదు. క్లౌ దొర శిబిరంలో పంచిన కూలిసొమ్ము ఎక్కడిది? మద్రాసు ప్రభుత్వానిది. కాలువ ప్రభుత్వానిది, కొలత ప్రభుత్వానిది, ఖజానా ప్రభుత్వానిది. ఆ ఖజానా నింపినది కూడా ఈ పల్లెలవారి పన్నులే. సంఘం ఇచ్చినది చెయ్యి. ఏ మతసమాజానికీ మూడున్నర మైళ్ళ కాలువ తవ్వించే సొమ్ము ఉండదు. ఆ సొమ్మును పేదవాని చేతిదాకా జారిపోకుండా తీసుకుపోయే చెయ్యి మాత్రం ఆనాటి ప్రభుత్వానికి లేదు. కరువు చివరి దశలో లండను మేయరు పోగుచేసిన 'మాన్షన్ హౌస్' నిధి ఆరున్నర లక్షల పౌన్లకు పైగా దక్షిణాదికి వచ్చినపుడు కూడా విత్తనాలకు, ఎడ్లకు పంచడానికి ఇటువంటి చేతులనే వెతకవలసి వచ్చింది.

ఇక అందరూ అడిగే రెండవ ప్రశ్న. గంజి పోసి మతం మార్చారా?

ఇక్కడ నేను తొందరపడి తీర్పు చెప్పలేను. జరిగినది చెబుతాను. కరువు సాగినంతకాలం, సుమారు పదిహేను నెలలు, క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవారిని వద్దని తిప్పి పంపాడు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన జాగ్రత్త. 1878 జూన్‌లో, సాయం ముగిసిపోయిందని, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని తెలియజేసిన తరువాత కూడా వారు వేలుగా వచ్చారు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచి, అలసినపుడు మార్చుకుంటూ, ఆ పని ముగించారట. ప్రపంచ క్రైస్తవ చరిత్రలో ఈ సంఖ్య ప్రసిద్ధమైనది.

విమర్శకులు అన్నారు: కూడు అప్పుడే పెట్టారు, నీరు తరువాత పోశారు, అంతే తేడా. మిషను వారు అన్నారు: కూడు ఆగిన తరువాత వచ్చారు కనుక విశ్వాసంతోనే వచ్చారు. ఈ ఇద్దరూ ఆ 2,222 మందిని అడగలేదు. నాకు అనిపించేది వేరు. నెలల తరబడి తిట్టకుండా, తాకకూడదనకుండా, కూలి కోయకుండా తమతో వ్యవహరించిన సమాజం ఒకటి ఉన్నదని తెలిసిన తరువాత, ఆ మనిషి తిరిగి పాత పల్లెకు, పాత వాకిలికి ఎందుకు పోతాడు? అది కూటికి అమ్ముడుపోవడమనాలా, మర్యాదకు లొంగడమనాలా? పైగా, ఈ వెల్లువ కరువుతో పుట్టినది కాదు. యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ బోధకులు అంతకు పదేళ్ళ ముందునుండే ఊరూరా తిరుగుతున్నారు. మన ఆలయాలు, మన సత్రాలు ఆనాడు ఆ మనుషులను ఎక్కడ నిలబెట్టాయి అన్నది మనలను మనం వేసుకోవలసిన ప్రశ్న. తదీయారాధన చేసేవారి గీత ఆనాడు మాదిగవాడకు చాలా ఇవతలనే ఆగిపోయింది. ఈ మాట చెప్పడానికి పండితుడిగా నాకు సంకోచం లేదు, కష్టం మాత్రం ఉన్నది.

ప్రభుత్వం కూడా నేర్చుకోలేదని అనలేము. 1880లో స్ట్రాచీ అధ్యక్షతన కరువు కమిషను నివేదిక ఇచ్చింది. 1883లో కరువు నియమావళి వచ్చింది. ఏ గుర్తులు కనబడితే కరువు ప్రకటించాలి, పనులు ఎప్పుడు తెరవాలి, పనిచేయలేనివారికి ఉచితంగా ఎలా పెట్టాలి అన్నది మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది. ఆ కాగితం చాలాసార్లు అమలు కాలేదు. అయినా కాగితం మీద ఉన్నదానిని చూపించి అడగవచ్చు. దయను అడగడానికి అటువంటి కాగితం లేదు.

ఇప్పుడు మన జిల్లాలకు వద్దాము. ఈ క్లౌ దొర ఉద్యమపు గాలి నిజాం రాజ్యంలోకి కూడా వీచింది. 1890లో నల్లగొండకు అబ్రహాం ఫ్రీసెన్ అనే మిషనరీ భార్యతో వచ్చి స్థిరపడ్డాడు. పని అమెరికను బాప్టిస్టుల కింద, కాని మనిషి అమెరికా నుండి రాలేదు. రష్యా నుండి వచ్చాడు. దక్షిణ రష్యాలో, నేటి యుక్రెయిన్‌లో, మొలోచ్నా అనే జర్మను భాషీయుల వలసపల్లెల నుండి. వారు మెన్నొనైట్లు. ఆయుధం పట్టరాదన్నది వారి మతనియమం. పదహారవ శతాబ్దంలో మెన్నో సైమన్స్ బోధనతో ఏర్పడిన సమాజం. సైన్యంలో చేరనందుకు దేశందేశం తిరిగి, చివరకు రష్యా చక్రవర్తులు సైనిక సేవ నుండి మినహాయింపు ఇస్తే అక్కడ గోధుమ పండించుకుంటూ బ్రతికారు. ఆ గోధుమ రైతులు కానుకలు పోగుచేసి నల్లగొండకు, సూర్యాపేటకు, జనగామకు మనుషులను పంపారు. నల్లగొండవాసులకు మిషను కాంపౌండు తెలుసు. దానిని కట్టిన రూబుళ్ళ సంగతి ఎంతమందికి తెలుసునో!

తరువాత జరిగినది వినండి. 1914 యుద్ధం, 1917 విప్లవం, అంతర్యుద్ధం, దోపిడీలు, విషజ్వరం. 1921-22లో కరువు. నల్లగొండకు మనిషిని పంపిన ఆ మొలోచ్నా పల్లెలే ఆకలితో మాడాయి. అమెరికాలోని మెన్నొనైట్లు తమలో ఉన్న శాఖాభేదాలు పక్కన పెట్టి 1920లో 'మెన్నొనైట్ సెంట్రల్ కమిటీ'ని ఏర్పాటు చేసుకున్నారు. 1922 వసంతంలో అక్కడ వంటశాలలు తెరిచారు. ఎక్కువ సాగిన రోజులలో దినానికి పాతికవేల మందికి పెట్టారు. ఎడ్లు, గుర్రాలు తినబడిపోయిన పల్లెలకు దున్నడానికి యాభై ట్రాక్టర్లు కూడా పంపారు. ఇది మతసమాజం చేసిన సాయమే. అయితే వీరు కూడా సోవియట్ దేశంలో అమెరికా ప్రభుత్వపు అండగల హూవరు సహాయ సంస్థకు అనుబంధంగానే పనిచేశారు. ఓడలు, రైళ్ళు ఆ పెద్ద సంస్థవి. గరిటె వీరిది. ఒంగోలు కాలువలో చూసినదే మళ్ళీ ఇక్కడా కనబడుతున్నది.

ఈ సమాజానికి చెందిన అమెరికను శాఖ 1899 నుండి హైదరాబాదులో, తరువాత నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, గద్వాల, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో పనిచేసింది. పాలమూరు జిల్లాలో ఎక్కడకు పోయినా 'ఎం.బి. చర్చి' అన్న ఫలకం కనబడుతుంది. ఆ రెండు అక్షరాలు 'మెన్నొనైట్ బ్రదరెన్'. జడ్చర్లలో వారి ఆసుపత్రి ఉన్నది. అమెరికాలో 1950లో ఈ సమాజపు యువకులు కాన్సాస్ రాష్ట్రంలోని హెస్టన్ అనే చిన్న ఊళ్ళో ఒక వనభోజనంలో కూర్చొని, తాము సుత్తి, రంపం పట్టగలవారమే గనుక వరదకూ గాలివానకూ కూలిన ఇళ్ళు కట్టిపెడదామని అనుకున్నారట. అది పెద్ద సంస్థ అయింది. ప్రభుత్వపు సొమ్ము అందక మిగిలిపోయిన ముసలివారి ఇళ్ళు వెతికి కట్టడం వారి పద్ధతి. ప్రభుత్వం వెళ్ళిపోయిన తరువాత కూడా నెలలు, ఏళ్ళు ఉంటారు. ఇది నాకు బాగా నచ్చిన సంగతి. ముందు రావడం గురించి అందరూ చెబుతారు. వెనుక మిగలడం గురించి చెప్పేవారు తక్కువ.

మన మూసీని మరువరాదు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ మా భువనగిరి ప్రాంతం మీదుగానే కృష్ణకు పోతుంది. పదిహేను వేలమంది వరకు పోయారని అంచనా. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ తన దేవిడీల తలుపులు తెరిపించి నిరాశ్రయులకు చోటిచ్చాడు. పూజారులు చెప్పగా నదికి హారతి ఇచ్చి పట్టుచీర సమర్పించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. రాజు తానే ప్రభుత్వమై, తానే భక్తుడై నిలబడిన సందర్భం అది. సరోజినీ నాయుడు వరద బాధితుల సేవకు కైజర్-ఎ-హింద్ పతకం పొంది, జలియన్‌వాలాబాగ్ తరువాత దానిని తిరిగి ఇచ్చివేసింది. వంటశాలలు కొన్నాళ్ళకు మూతపడ్డాయి. మిగిలినవి మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. అన్నదానం ఎంత చేసినా మరుసటి వరద ఆగదు. జలాశయం కట్టడం రాజ్యం పని.

ఈ మాటే దివిసీమలో మరింత స్పష్టంగా కనబడుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సమయానికి నేను ఓరియంటల్ కళాశాలలో విద్యార్థిని. ఇంటింటికీ తిరిగి బియ్యం, పాత బట్టలు పోగుచేశాము. మా గుట్ట కింది యాత్రికులు కూడా ఒంటి మీది పైపంచెలు ఇచ్చి వెళ్ళారు. ప్రభుత్వ లెక్కలోనే పదివేల వరకు చనిపోయారు. చెరువులలో, తుమ్మచెట్ల మీద కుళ్ళుతున్న శవాలను తీయడానికి కూలి ఇస్తామన్నా మనుషులు దొరకని రోజులలో ఆ పని చేసినవారు స్వచ్ఛంద సేవకులు. రాష్ట్రీయ స్వయంసేవక సంఘంవారు, రామకృష్ణ మిషను వారు, క్రైస్తవ సంస్థలవారు, పేరు లేని ఎందరో. చూసి వచ్చిన మా సహాధ్యాయి ఒకడు చాలాకాలం అన్నం ముందు కూర్చొని లేచిపోయేవాడు. తరువాత ఇళ్ళు కట్టినవారిలోనూ ఈ సంస్థలు ముందున్నాయి. తీరం వెంబడి తుఫాను షెల్టర్లు వెలిశాయి.

పదమూడేళ్ళ తరువాత, 1990 మే 9న, అదే కృష్ణా ముఖద్వారం దగ్గర దాదాపు అంతటి తుఫాను తీరం దాటింది. చనిపోయినవారు వెయ్యి లోపు. కారణం? ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. హెచ్చరిక పంపినది వాతావరణ శాఖ, జనాన్ని కదిపినది రెవెన్యూ, పోలీసు యంత్రాంగం, మోసినది ఆర్టీసీ బస్సులు. వారు తలదాచుకున్న కప్పులలో కొన్ని సంఘాలవారు కట్టినవి. శవాలను గౌరవంగా దహనం చేయడం పుణ్యం. శవాలే లేకుండా చేయడానికి ఏ పేరు పెట్టాలో మన నిఘంటువులలో నాకు దొరకలేదు. దానికి ఎవరూ దండలు కూడా వేయరు.

2009 అక్టోబరు 2 నాటి తుంగభద్ర వరద పాలమూరు జిల్లాలో ఆలంపురాన్ని, రాజోలిని ముంచింది. అవతలి గట్టున కర్నూలు నగరం మునిగింది. ఎగువన మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మఠమే నీటిలోకి వెళ్ళి, నిత్యం వేలమందికి అన్నం పెట్టే చోట భక్తులు మేడలెక్కి సాయం కోసం ఎదురుచూశారు. మొలోచ్నా పల్లెలకు పట్టిన గతి వంటిదే. పెట్టే చెయ్యి ఎప్పుడూ పైననే ఉంటుందన్న భరోసా లేదు.

సత్యసాయి ట్రస్టువారు అనంతపురం జిల్లాకు, తరువాత మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలకు తాగునీటి పైపులు వేయించిన సంగతి తెలిసినదే. ఒక మతసంస్థ అంత పెద్ద నిర్మాణం చేయడం అరుదు. కట్టిన తరువాత దానిని నడిపే బాధ్యత ప్రభుత్వానికే అప్పగించవలసి వచ్చింది. రోజూ మోటారు వేయడం, పగిలిన గొట్టం మార్చడం ఉత్సాహంతో జరిగే పనులు కావు, జీతంతో జరిగేవి. ఇక మా గుట్ట దేవుడి సంగతి చెప్పనే అక్కరలేదు. ఆయన హుండీ లెక్క కూడా దేవాదాయ శాఖ వారి ఎగ్జిక్యూటివ్ ఆఫీసరే చూస్తాడు. ఆ పూట మేము తిన్న అన్నం భక్తులదా, ప్రభుత్వానిదా అని మా వాడిని తిరిగి అడిగి ఉండవలసింది.

2020 లాక్‌డౌనులో తెలంగాణ ప్రభుత్వం తెల్ల రేషను కార్డున్న ఇంట మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. వలస కూలీకి 12 కిలోలు, 500 రూపాయలు. చిన్న విషయం కాదు. అయితే జడ్చర్ల మీదుగా పోయే 44వ జాతీయ రహదారి మీద పిల్లలను భుజాన వేసుకొని నడిచిపోయేవారికి బియ్యం ఎందుకు? పొయ్యి లేదు, గిన్నె లేదు. వారికి కావలసినది వండిన అన్నం, చెప్పులు, నీళ్ళు. అవి పెట్టినవారు దారి పక్క ఊళ్ళవారు. గుడి కమిటీలవారు, మసీదు కుర్రవాళ్ళు, చర్చివారు, గురుద్వారా వారు. నడిచేవాడు ఏ జిల్లా జాబితాలోనూ లేడు. జాబితాలో లేనివాడికి తదీయుడు కావడం ఒక్కటే దిక్కు, అదీ ఆ పూటకు.

ఇంత చెప్పి నా సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసత్యమవుతుంది.

2002లో వానలు పోయిన సంవత్సరం నేను ఒక పల్లె బడిలో పనిచేస్తున్నాను. 'అన్నపూర్ణ' పథకం కింద పెన్షను రాని నిరాధార వృద్ధులకు నెలకు 10 కిలోల బియ్యం ఉచితం. వయస్సు 65 నిండాలి. ఊరి జాబితా తయారీలో పేర్లు రాసిపెట్టమని నన్ను అడిగారు. అక్షరం బాగుంటుందని. ఒక వితంతువు వచ్చి నిలబడింది. కార్డు మీద ఆమె వయస్సు 58 అని ఉన్నది. చూస్తే డెబ్బైలాగా ఉన్నది. కార్డు ప్రకారమే నడుచుకొని, ఆమె పేరు రాయలేదు. నియమం తప్పలేదు. దూరపు పరీక్ష పెట్టినవాడు కూడా నియమం తప్పలేదు.

ఆ కరువంతా ఆమెకు బియ్యం ఇచ్చినవారు ఆ ఊరి చర్చి ఆడవాళ్ళు. వండుకునేటప్పుడు ప్రతి ఇల్లాలూ ఒక గుప్పెడు బియ్యం పక్కకు తీసి, ఆదివారం మూటగట్టి తెచ్చి కలుపుతారు. వారూ పేదవారే. ఆమె వారి సంఘంలోని మనిషి కాదు. అయినా ఆదివారం ఆమె ప్రార్థనలో వెనుక కూర్చొని ఉండడం చూశాను. ఒకరోజు అడిగాను, వాళ్ళు రమ్మన్నారా అని.

"ఎవ్వలూ రమ్మనలే సారూ. బియ్యం తీస్కొని పోకపోతే మంచిగుంటదా?" అన్నది.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. కృతజ్ఞత ఎంత ఉన్నదో, బరువు ఎంత ఉన్నదో నాకు విడదీయడం రాలేదు. నేను రాయని పేరుకు ఆమె ఆ బరువు మోసింది. సర్కారు బియ్యం తీసుకున్నవారెవరూ ఆదివారం ఎక్కడా కూర్చోనక్కరలేదు కదా అని ఆ రాత్రి చాలాసేపు అనుకున్నాను.

మరుసటి యేడు మళ్ళీ జాబితా వచ్చింది. ఈసారి నేనే అడిగి తీసుకున్నాను. ఆమె పేరు రాసి, వయస్సు దగ్గర 66 అని వేశాను. ఎంతో నాకు తెలియదు. ఆమెకూ తెలియదు.